వైశాఖి: ఒక గిన్నె కథ



ఏటా ఏప్రిల్ రెండవ వారంలో వార్తాపత్రికలు రంగురంగుల తలపాగాలతో నాట్యమాడే పంజాబీ యువకుల చిత్రం ప్రచురించి, క్రింద "పంజాబీల కోతల పండుగ" అని ఒక్క వాక్యం వ్రాసి ఊరుకుంటాయి. అది అసత్యం కాదు గాని అర్ధసత్యం. వైశాఖి గోధుమచేలలో పుట్టిన మాట నిజమే. దానిని చరిత్రకెక్కించినది మాత్రం ఒక ఖడ్గము, ఒక ఇనుప గిన్నె. ఆ వృత్తాంతమే నేటి నా మనవి.

ముందుగా పేరు సంగతి. పూర్ణిమనాడు చంద్రుడు విశాఖా నక్షత్రంతో కూడి ఉండే మాసం వైశాఖం, దానినుండి వైశాఖి. హిందీవారి నోట వకారం బకారమై "బైసాఖి" అయినది. మనం చాంద్రమానం పాటించి ఉగాది జరుపుకుంటాము. పంజాబువారికి సూర్యుడు మేషరాశిని ప్రవేశించే సంక్రమణ దినమే వైశాఖి. తమిళుల పుత్తాండు, మలయాళుల విషు, అస్సామీయుల బిహు, వంగీయుల పొయ్‌లా బొయ్‌శాఖ్ దీనికి తోబుట్టువులు. మన పంచాంగాలలోనూ మేషసంక్రమణం ఉంటుంది. మనం చూసీ చూడనట్లు పుట తిప్పేస్తాము.

శరత్తు చివర చల్లిన గోధుమ ఈ వేళకు పండి కోతకు వస్తుంది. ఏడాది శ్రమ ఫలించే తరుణం గనుక రైతులు నదీస్నానాలకు, తిరునాళ్లకు తరలడం పూర్వాచారం. మూడవ గురువైన అమర్‌దాస్ (గురుత్వ కాలం 1552–1574) ఈ కదలికను గమనించి, బియాస్ నదీతీరాన గోయింద్వాల్‌లో తన శిష్యులందరినీ వైశాఖినాడు సమావేశపరచే ఏర్పాటు చేసినట్లు సిక్కుల సంప్రదాయం. అక్కడ ఆయన 84 మెట్ల బావిని త్రవ్వించారు. తన దర్శనానికి వచ్చినవారు ముందుగా లంగరులో పంక్తిన కూర్చుని భుజించాలని నియమం పెట్టారు. అన్నం ముందు కులం అడగరాదన్న పాఠం అక్కడ ఇలా స్థిరపడినది.

ఆ పాఠానికి పరీక్ష 1699లో జరిగినది. 1675లో ఔరంగజేబు కాలాన తొమ్మిదవ గురువు తేగ్ బహదూర్ ఢిల్లీలో శిరచ్ఛేదానికి గురియైనారు. ఆయన కుమారుడు గోబింద్ రాయ్, శివాలిక్ కొండల దాపున ఆనందపురంలో, వైశాఖి సభ మధ్య కత్తి దూసి నిలిచి "ఒక శిరస్సు కావాలి" అని అడిగారట. సభ నిశ్శబ్దమైనది. ఒకరి తరువాత ఒకరుగా ఐదుగురు లేచారు. లాహోరు ఖత్రీ దయారాం. హస్తినాపురపు జాట్ రైతు ధరందాస్. పూరీ క్షేత్రం నుండి నీళ్లు మోసే హిమ్మత్ రాయ్. ద్వారకకు చెందిన, కుట్టుపని అద్దకపుపని చేసే కులస్థుడు మొహ్కం చంద్. బీదరు క్షురకుడు సాహిబ్ చంద్.

బీదరు మన జహీరాబాదుకు పొరుగూరు. 1956 వరకు హైదరాబాదు రాష్ట్రంలోనిది. కేశఖండనం కులవృత్తిగా గలవాడు కేశధారణను వ్రతంగా స్వీకరించిన మొదటి ఐదుగురిలో ఒకడు కావడం నన్ను ప్రతిసారీ ఆలోచింపజేస్తుంది. పుట్టుకతో అంటిన వృత్తిని అంతకంటె పూర్తిగా వదలుకోవడం సాధ్యమా?

గురువు ఇనుప గిన్నెలో నీరు పోసి, బతాసాలు కలిపి, రెండంచుల ఖడ్గంతో త్రిప్పి ఆ అమృతాన్ని ఐదుగురికీ ఒకే గిన్నెలో త్రాగించారు. పిమ్మట తానే చేతులు జోడించి, వారి చేతిమీదుగా దానిని స్వీకరించి గోబింద్ సింగ్ అయినారు. గురువు శిష్యులకు శిష్యుడైన ఆ దినమే ఖాల్సా జన్మదినం. పురుషులకు సింగ్, స్త్రీలకు కౌర్ అనే పేర్లు కులనామాల స్థానంలో వచ్చాయి.

నేటికీ వైశాఖినాడు అమృతదీక్ష ఇస్తారు. గురుద్వారాలోని నిషాన్ సాహిబ్ ధ్వజస్తంభపు వస్త్రాన్ని మారుస్తారు. 48 గంటల అఖండపాఠం ముగించి, ఐదుగురు దీక్షితులు ముందు నడువగా నగరకీర్తన సాగిస్తారు. లంగరు సరేసరి.

ఈ పండుగకు శోకమూ అంటుకొని ఉన్నది. 1919 ఏప్రిల్ 13 వైశాఖియే. పండుగకు వచ్చిన పల్లెవారు, రౌలట్ చట్టాన్ని నిరసించే పట్టణవాసులు అమృతసరంలోని జలియన్‌వాలా బాగులో కూడి ఉండగా డయ్యర్ 1650 తూటాలు కాల్పించాడు. మృతులు 379 మంది అని ప్రభుత్వం చెప్పినది. వేయిమంది వరకు ఉంటారని కాంగ్రెసు విచారణలో తేలినది.

గోబింద్ సింగ్ 1708లో మన గోదావరి ఒడ్డున నాందేడులోనే దేహం చాలించారు. 1830 ప్రాంతాల నిజాము కొలువుకు వచ్చిన సిక్కు సైనికుల సంతతి హైదరాబాదులో నేటికీ ఉన్నది. కనుక ఈ కథ మనకు మరీ దూరపుది కాదు.

అయినా మూడు శతాబ్దాలు దాటిన పిమ్మట పంజాబు పల్లెలలోనే కొన్నిచోట్ల కులానికొక గురుద్వారా, కులానికొక శ్మశానం వెలిశాయి. మన ఊళ్ల టీకొట్లలో రెండు గ్లాసుల పద్ధతి ఎంతకాలం నడిచినదో మీకు తెలియనిది కాదు. ఐదుగురు ఒకే గిన్నెలో త్రాగడం ఆనాడు శిరస్సు నివ్వడంకంటె తక్కువ సాహసమేమీ కాదని, ఆ రెండు గ్లాసులను తలచుకొంటే నాకు బోధపడుతుంది.