నిధులు పంచే బల్ల దగ్గర ఎవరు కూర్చోవాలి?

తమిళనాడులోని కోవిల్‌పట్టి నల్లరేగడిలో పత్తి పరిశోధన 1901లోనే మొదలైంది. ఆ చుట్టుపక్కల సేద్యగాళ్లలో తెలుగు నాయుళ్లు, రెడ్డియార్లు చాలామంది. పత్తి బేరాలకు విరుదునగర్ పేరుపడ్డ ఊరు. అక్కడి నాడార్ వర్తకులు తమ సరుకు మీద తామే ‘మహమై’ అనే రుసుము వేసుకుని, ఆ సొమ్ముతో బడి నడిపారు. ఇచ్చేదీ వాళ్లే, ఖర్చు తేల్చేదీ వాళ్లే.

దేశంలో పత్తి పరిశోధనకూ దాదాపు ఇదే పద్ధతి నడిచింది. 1921లో ఏర్పడ్డ భారత కేంద్ర పత్తి సంఘానికి 1923 నాటి సెస్సు చట్టం రాబడి చూపింది: 400 పౌన్ల బేలుకు మొదటి మూడేళ్లు 4 అణాలు, ఆపైన 2. సంఘంలో మిల్లుల వాళ్లు, వర్తకులు, రైతు ప్రతినిధులతోపాటు రాష్ట్రాల వ్యవసాయాధికారులూ ఉండేవారు. చిక్కంతా ఈ అధికారులతోనే. గ్రాంటు అడిగేది వాళ్ల శాఖలే మరి; కోవిల్‌పట్టి కేంద్రం కూడా మద్రాసు శాఖదే. మిల్లుకు పొడవు పింజ కావాలి, రైతుకు వాన మీదే గట్టెక్కే కరుంగన్ని రకం కావాలి. ఎవరు ఎవరి తరఫున మాట్లాడుతున్నారో అందరికీ తెలుసు. లోపమే, కానీ దాపరికం లేని లోపం.

1960ల మధ్యలో ఆ సంఘం పని భారత వ్యవసాయ పరిశోధన మండలి చేతికి వెళ్లింది. శాస్త్రవేత్తల ప్రతిపాదనలను శాస్త్రవేత్తలే తూచే పద్ధతి బలపడింది. అమెరికా ఆరోగ్య సంస్థల్లో అది 1946 నుంచే ఉంది. ఈ పద్ధతిలో స్వార్థం పైకి కనపడదు. గురువు, సహ రచయిత, పక్క గది మిత్రుడు: ఈ చుట్టరికాలు ఏ హాజరు పట్టీలోనూ ఉండవు. అందుకే కేంద్ర శాస్త్ర సాంకేతిక శాఖ నియమావళిలో వాటిని పేరుపేరునా రాశారు. పీహెచ్‌డీ గైడ్ అయినా, ఒకే డిపార్టుమెంటు అయినా, గత 3 ఏళ్లలో కలిసి పేపరు రాసినా ముందే చెప్పి తప్పుకోవాలి.

తప్పుకుంటే సరిపోతుందా? స్వీడన్ పరిశోధకులు వెన్నెరోస్, వోల్డ్ 1997లో ‘నేచర్’లో రాసినది చదివితే నమ్మకం సడలుతుంది. అక్కడి వైద్య పరిశోధన మండలిలో సభ్యుడు తనవాళ్లకు మార్కులు వేయకూడదు. వేయలేదు కూడా. మిగతా సభ్యులే ఎక్కువ వేశారు. మొహమాటం మనకొక్కరికే సొంతం కాదన్నమాట.

కోవిల్‌పట్టి, అరుప్పుకోట్టై, శ్రీవిల్లిపుత్తూరు కేంద్రాలు మూడూ ఇప్పుడు తమిళనాడు వ్యవసాయ విశ్వవిద్యాలయానివే. వానాధార పత్తి మీద ప్రతిపాదన వస్తే, ఆ నేల ఎరిగినవాళ్లంతా ఒకే గొడుగు కింద ఉంటారు. అందరినీ బయటికి పంపితే మిగిలేది రేగడి తొక్కనివాళ్లే. అందుకే ఆ నేల ఎరిగినవాళ్లను సాంకేతిక ప్రశ్నలకు రాతపూర్వకంగా జవాబు చెప్పమనాలి, మార్కులు మాత్రం బయటి రాష్ట్రాలవాళ్లు వేయాలి. ఎవరు ఏ ప్రతిపాదన దగ్గర లేచి వెళ్లారో ఫలితాలతోపాటే ప్రకటించాలి.