రాయవేలూరు ఆసుపత్రి పుట్టుపూర్వోత్తరములు

“ఇక రాయవేలూరికి తీసికొనిపోండి” అనే మాట వినని తెలుగు కుటుంబము మన ధర్మపురిలో ఉండదు. ఊరి వైద్యునికి జబ్బు అంతుచిక్కనప్పుడు పెద్దలు చెప్పే మాట అది. కృష్ణగిరి మీదుగా బస్సులో పోయేవారు కొందరు, సేలం చేరి కాట్పాడి వైపు బండి ఎక్కేవారు కొందరు. రైల్వే కొలువులో ఉన్న మాకు కాట్పాడి జంక్షను అంటే ఆ ఆసుపత్రి వాకిలియే. బెంగాలు నుండి, అస్సాము నుండి కూడా రోగులు వచ్చి అక్కడ దిగుదురు. ఇంత పేరుగల ఆసుపత్రి ఎట్లు పుట్టినదో, అది వైద్యవిద్యాలయముగా ఎట్లు మారినదో, అందులో మన తెలుగువారి పాలు ఏమిటో ఈ ఉగాది సంచికలో నాలుగు మాటలు చెప్పదలచినాము.

రాయవేలూరు మనకు పరాయి ఊరు కాదు. 1911లో చిత్తూరు జిల్లా ఏర్పడువరకు చిత్తూరు, వేలూరు రెండును ఉత్తర ఆర్కాటు జిల్లాలోనివే. అమెరికా దేశపు ఆర్కాటు మిషను వారు అటు తమిళ గ్రామాలలోను, ఇటు మదనపల్లె వంటి తెలుగు ఊళ్ళలోను పనిచేసినారు. ఆ మిషనులో స్కడ్డరు కుటుంబము వారు తరతరాలుగా వైద్యులు. ఆ ఇంటి ఆడపడుచు ఐడా సోఫియా స్కడ్డరు 1870లో రాణిపేటలో జన్మించినది.

ఐడాకు ఈ దేశములో ఉండిపోవలెనన్న కోరిక మొదట లేదు. అమెరికాలో చదువు ముగించి, జబ్బుపడిన తల్లికి సాయముగా కొద్దికాలము తిండివనము వచ్చినది. అక్కడ ఒకే రాత్రి ముగ్గురు మనుష్యులు ఒకరి తరువాత ఒకరు తలుపు తట్టినారు. ఒకరు బ్రాహ్మణుడు, ఒకరు ముసల్మాను, మరియొకరు కూడా హిందువే. ముగ్గురి ఇండ్లలోను భార్యలు ప్రసవవేదన పడుచున్నారు. “మా నాయనగారు డాక్టరు, ఆయనను తీసికొని పోండి, నాకు వైద్యము రాదు” అన్నది ఐడా. పరాయి మగవాడు మా ఆడవారిని చూడరాదని ముగ్గురూ వెనుదిరిగినారు. తెల్లవారేసరికి ముగ్గురు తల్లులూ చనిపోయినారు.

ఈ కథ ఐడా జీవితచరిత్రలన్నిటిలోను కలదు. మందు లేక వారు చనిపోలేదు, వైద్యుడు లేక చనిపోలేదు. ఆడ డాక్టరు లేక చనిపోయినారు. మూడు ఇండ్లలో మూడు ఆచారములున్నను, ఆడదాని ప్రాణమునకు అన్నిటిలోను ఒకటే విలువ కట్టినారు.

ఐడా తిరిగి అమెరికా పోయి వైద్యము చదివి, 1899లో కార్నెల్ వైద్య కళాశాలలో పట్టము పుచ్చుకొని, 1900లో వేలూరు చేరినది. మొదట ఒకే ఒక మంచముతో చికిత్స ప్రారంభించినది. న్యూయార్కులోని షెల్ అనే ధనవంతుడు తన భార్య జ్ఞాపకార్థము పదివేల డాలర్లు ఇవ్వగా, 1902లో 40 మంచముల మేరీ టేబర్ షెల్ ఆసుపత్రి లేచినది. 1906 నుండి పల్లెలకు పోయి దారిప్రక్కన, చెట్టుక్రింద మందులిచ్చే పద్ధతి పెట్టినది. గుడియాత్తము దారిలో ఆమె బండి కోసము జనము కాచుకొని ఉండేవారు.

సాధారణముగా మిషను ఆసుపత్రుల కథ ఇక్కడితో ఆగును. ఒక మంచి దొరసాని ఉన్నంతకాలము నడచును, ఆమె పోగానే సన్నగిల్లును. ఐడా ఈ సంగతి ముందే గ్రహించినది. తాను ఒక్కతె ఎన్ని తలుపులు తట్టగలదు? ఈ దేశపు ఆడపిల్లలే నేర్చుకొనినగాని పని సాగదని 1909లో నర్సుల బడి పెట్టినది. 1918లో పలు మిషనుల తోడ్పాటుతో స్త్రీల వైద్య పాఠశాల తెరచినది. ఆడపిల్లలు డాక్టరు చదువుకు వత్తురా అని ఆనాడు అధికారులకే నమ్మకము లేకపోయినది. అయినను వచ్చినారు. 1922లో మొదటి జట్టులో 14 మంది పట్టము పుచ్చుకొన్నారు.

తరువాత పెద్ద గండము వచ్చినది. ఆనాడు ఆ పాఠశాలలో ఇచ్చేది ఎల్.ఎం.పి. పట్టము. దానిని తీసివేసి, ఇక ఎం.బి.బి.యస్. మాత్రమే ఉండవలెనని ప్రభుత్వము నిర్ణయించినది. అందుకు మేడలు, పరికరములు, పెద్ద చదువుల ఆచార్యులు కావలెను. లేదా బడి మూయవలెను. డెబ్బది ఏండ్ల వయసున ఐడా 1941లో అమెరికా పోయి, యుద్ధకాలమంతయు ఊరూరా తిరిగి చందాలు పోగుచేసినది. 1942లో మద్రాసు విశ్వవిద్యాలయము క్రింద ఎం.బి.బి.యస్. తరగతులు మొదలైనవి. 1947లో మగపిల్లలను కూడ చేర్చుకొన్నారు.

మన తెలుగువారు గర్వింపదగిన ఘట్టము ఇక్కడనే వచ్చును. స్వరాజ్యము వచ్చిన తరువాత ఆ సంస్థకు తొలి భారతీయ డైరెక్టరు అయినది 1890లో విశాఖపట్టణమున పుట్టిన డాక్టరు హిల్డా లాజరస్. ప్రభుత్వ స్త్రీవైద్య సేవలో చాలాకాలము పనిచేసి పేరుపొందిన ప్రసూతి వైద్యురాలామె. 1961లో ఆమెకు పద్మశ్రీ వచ్చినది. పరదేశపు ధనముతో లేచిన సంస్థ పగ్గములు మన పిల్ల చేతికి వచ్చిననాడే అది నిజముగా ఈ దేశపు సంస్థ అయినదని మా అభిప్రాయము.

ఆ తరువాత కథ లోకమెరిగినదే. 1948లో డాక్టరు పాల్ బ్రాండ్ కుష్ఠురోగుల వంకరపోయిన చేతులకు శస్త్రచికిత్స చేసి, వారు మరల పనిచేసుకొనునట్లు చేసినాడు. 1961లో అక్కడ గుండె తెరచి శస్త్రచికిత్స చేసినారు. 1971లో మూత్రపిండము మార్చినారు. ఐడా 1960లో కోడైకెనాలులో కన్నుమూసినది. ఆసుపత్రి మాత్రము ఆగలేదు. తనవంటివారిని తయారుచేసే బడిని ఆమె ముందే నిలిపినది గదా!

ఈ చరిత్ర మనకెందుకని అడుగవచ్చును. మనము కాపురమున్న ఈ జిల్లా ఆడశిశువుల విషయములో ఒకప్పుడు చెడ్డపేరు మోసినది. వద్దనుకొన్న ఆడపిల్లను చంపక ప్రభుత్వమునకు అప్పగించుడని ఊయల పథకము 1992లో సేలములో మొదలై, 2001లో మన జిల్లాకును వచ్చినది. తిండివనములో ఆనాడు మూయబడిన తలుపే వేరొక రూపమున ఇక్కడ మూయబడినది. 2008 నుండి మన ధర్మపురిలోనే ప్రభుత్వ వైద్య కళాశాల కలదు. చదువుకొనుటకు దూరము పోనక్కరలేదు. అయినను మన ఇండ్లలో ఇంకను “ఆడపిల్లకు అంత చదువెందుకు, పెండ్లికి దాచుకొందాము” అనే మాట వినవచ్చుచున్నది.

పొట్టకూటికై పొరుగునాడు వచ్చినవారము మనము. మాన్యములు, మడులు మన వెంట రాలేదు. పిల్లలకు మనమీయగల ఆస్తి చదువొక్కటే. దానిలో కొడుకుకొక వాటా, కూతురికొక వాటా అని తేడా పెట్టవద్దని సోదర కుటుంబములన్నిటికిని మనవి చేయుచున్నాము. ఉగాది పచ్చడి పంచునప్పుడు ఆడపిల్లకు వేపపువ్వు, మగపిల్లవానికి బెల్లము అని విడదీయము గదా!