వాల్తేరు గోడల నుండి చేతిలోని ఫోను వరకు: మనోవైద్యం మన గుమ్మానికి చేరిన తీరు

మనసుకు జబ్బు చేసినవారిని మన పూర్వులు ఎక్కడికి తీసుకొనివెళ్ళేవారో ఎప్పుడైనా ఆలోచించారా? జ్వరానికి ఊళ్ళోనే వైద్యుడుండేవాడు. మతి చలించినవారికి ప్రభుత్వం చూపిన దారి మాత్రం విశాఖపట్నమే. మదరాసు రాజధానిలో భాగంగా వాల్తేరులో 1871లో ఉన్మాదుల ఆశ్రమం ఏర్పడింది. మలికిపురం నుండి అది 200 కిలోమీటర్లకు పైబడిన దూరం. గోదావరి పాయలను పడవల మీద దాటి, ఆపై ప్రయాణం సాగించాలి. 1912 నాటి చట్టం కూడా రోగిని ప్రధానంగా నిర్బంధించవలసినవానిగానే చూసింది. చాలామందిని చేర్చుకొనడానికి మేజిస్ట్రేటు ఉత్తర్వు కావలసి వచ్చేది. 'పిచ్చాసుపత్రి' అన్న మాటకు మన భాషలో అంటిన భయం ఆ కాలపు గోడల నీడ.

ఆ గోడలను మొదట కదిలించినవి మందులు. 1949లో ఆస్ట్రేలియా వైద్యుడు జాన్ కేడ్ లిథియం గుణాన్ని వెల్లడించాడు. ఉద్రేకం, కుంగుబాటు మారిమారి వచ్చే బైపోలార్ వ్యాధికి అది నేటికీ ముఖ్యమైన ఔషధం. రెండవ మార్పును మన దేశమే చూపింది. 1950లలో అమృత్‌సర్ ఆసుపత్రిలో డాక్టర్ విద్యాసాగర్ రోగుల బంధువులను ఆవరణలోనే గుడారాలలో ఉంచి, చికిత్సలో భాగస్వాములను చేశారు. మనోవ్యాధి ఇంటిల్లిపాదికీ సంబంధించినదన్న సత్యం అక్కడ ఆచరణలోకి వచ్చింది. 1982లో జాతీయ మానసిక ఆరోగ్య కార్యక్రమం, 1996లో దాని జిల్లా విభాగం మొదలై, వైద్యాన్ని పల్లె వైపు నడిపించే ప్రయత్నం చేశాయి.

మద్యవ్యసనం కథ వేరు. 1992లో నెల్లూరు జిల్లా దూబగుంట స్త్రీలు సారా దుకాణాన్ని మూయించారు. ఆ ఉద్యమం రాష్ట్రమంతటా వ్యాపించగా 1993లో సారాను నిషేధించారు, 1995 జనవరిలో సంపూర్ణ మద్యనిషేధం వచ్చింది. 1997లో దానిని సడలించారు. ఆ స్త్రీల పోరాటం మన చరిత్రకు గర్వకారణం. అయితే ఒక్క విషయం గమనించండి. నిషేధం దుకాణాన్ని మూయగలదు కాని, అప్పటికే వ్యసనంలో చిక్కుకున్నవానికి చికిత్స చేయలేదు. వ్యసనాన్ని నీతి తప్పిన నడతగా చూసినంతకాలం అది వైద్యుని వద్దకు రాలేదు.

ఇక దూరాన్ని జయించిన కథ. 1959లోనే అమెరికాలోని నెబ్రాస్కా వైద్యులు ఇరువైపులా మాట్లాడుకొనగల టెలివిజన్ ద్వారా బృంద చికిత్స జరిపారు. 1964లో సుమారు 180 కిలోమీటర్ల దూరంలోని ఆసుపత్రికి ఆ సౌకర్యాన్ని అందించారు. మనకు ఆ తలుపు కరోనా కాలంలో విశాలంగా తెరుచుకొంది. 2020 మార్చి 25న కేంద్రం టెలిమెడిసిన్ మార్గదర్శకాలను ప్రకటించింది. 2022 అక్టోబరు 10న 'టెలి మానస్' సేవ ప్రారంభమైంది. 14416 అన్న సంఖ్యకు ఏ వేళనైనా ఫోను చేసి, తెలుగులో, ఉచితంగా మాట్లాడవచ్చు. వ్యసనాల విషయమై 14446 ఉన్నది.

ఈ మార్పు మన కోనసీమకు ఎందుకు ముఖ్యం? మన ఊళ్ళలో ఎన్నో ఇళ్ళలో భార్యాభర్తలలో ఒకరు గల్ఫులో, ఒకరు ఇక్కడ. అనుమానం, ఒంటరితనం, అప్పు, మాటల్లో పెరిగిన ఎడం: ఇవన్నీ ఫోనులోనే కలహాలుగా మారుతున్నవి. అదే ఫోనులో ఆ ఇద్దరినీ సలహాదారుని ఎదుట కూర్చోబెట్టవచ్చు. 'ఎవరైనా చూస్తారేమో' అన్న బిడియంతో ఆసుపత్రి మెట్లెక్కనివారికి కూడా ఇది తొలి మెట్టు. 2018 నుండి అమలులోనున్న మానసిక ఆరోగ్య సంరక్షణ చట్టం మీ వివరాలను గోప్యంగా ఉంచుకొనే హక్కును మీకిచ్చింది.

అయినా తెరకు హద్దులున్నవి. ఏళ్ళ తరబడి రోజూ అధికంగా తాగేవారు ఒక్కసారిగా మానితే, రెండు మూడు రోజులలో వణుకు, మూర్ఛలు, మతిభ్రమ రావచ్చు. ప్రాణాపాయం కూడా కలుగవచ్చు. అటువంటివారు ఆసుపత్రి పర్యవేక్షణలోనే మానాలి. లిథియం వాడేవారికి రక్తపరీక్షలు తప్పవు. మత్తు, మాదకద్రవ్యాల చట్టం కిందికి వచ్చే మందులను ఫోను ద్వారా వ్రాయడాన్ని ఆ 2020 మార్గదర్శకాలు నిషేధించాయి. చనిపోవాలన్న ఆలోచన ఉన్నవారిని ఒంటరిగా వదలకుండా వెంటనే ఆసుపత్రికి తీసుకొనివెళ్ళండి.

నూటయాభై ఏళ్ళలో వైద్యం వాల్తేరు నుండి మన అరచేతికి వచ్చింది. కాని ఫోను దానంతటది మ్రోగదు. మీ ఇంట్లో నిద్రపట్టక లేచి కూర్చునేవారో, సాయంత్రమయ్యేసరికి చేతులు వణికేవారో ఉంటే, నిందించక పక్కన కూర్చోండి. ఆ సంఖ్యను మీరే కలిపి, ఫోను వారి చేతికివ్వండి.