అమ్మాయికి ఏ వీసా?

మా అక్క కూతురు ఎమ్.సి.ఎ. చదివి, బాపట్లలో రెండేళ్ళు పాఠాలు చెప్పింది. 2006లో పెళ్ళయి అమెరికా వెళ్ళింది. మొదటిసారి రామాపురం వచ్చినప్పుడు పాస్‌పోర్టులో హెచ్-4 వీసా చూపించింది. దానిమీద భర్త పేరుంది. "చూడు పిన్నీ, అక్కడ నేను ఆయనకి తోకని" అని నవ్వింది.

నాకు నవ్వు రాలేదు. ఆ దేశం చరిత్ర తిరగేస్తే ఈ తోక పాతదేనని తెలిసింది.

ఫ్యాక్టరీలు పెరిగి, ఓడల నిండా వలస కూలీలు దిగుతున్న 1907లో అక్కడొక చట్టం వచ్చింది. విదేశీయుణ్ణి పెళ్ళాడిన అమెరికన్ స్త్రీకి పౌరసత్వం పోతుంది. మగవాడికా బాధ లేదు. కాలిఫోర్నియాలో పుట్టిన ఎథెల్ మెకెంజీ 1909లో స్కాట్లండు గాయకుణ్ణి చేసుకుంది. 1911లో ఆ రాష్ట్రంలో స్త్రీలకు ఓటు వచ్చింది. ఆ ఓటు కోసం పనిచేసిన ఆమే పేరు నమోదుకి వెళితే, నువ్వు ఈ దేశస్థురాలివి కాదు పొమ్మన్నారు. 1915లో సుప్రీంకోర్టు కూడా, ఫలితం తెలిసి ఇష్టపడే చేసుకున్న పెళ్ళి కదా అంది. మన పెద్దమనుషుల పంచాయితీల్లో వినే మాటే!

1922లో ఆ చట్టాన్ని సడలించారు. అయితే పౌరసత్వానికి అర్హత లేని ఆసియావాళ్ళను చేసుకున్న స్త్రీలకు మాత్రం కాదు. 1923లో భగత్‌సింగ్ థింద్ కేసు తీర్పుతో భారతీయులూ ఆ లెక్కలోకే వచ్చారు. తారక్‌నాథ్ దాస్ భార్య మేరీ, అమెరికాలో పుట్టి కూడా, అలా దేశం లేనిదయింది. 1931 దాకా ఆ మెలిక తొలగలేదు.

1965 చట్టం మనవాళ్ళకి తలుపు తెరిచింది. 1990 చట్టంతో హెచ్-1బి వచ్చింది. తెనాలి, రేపల్లె, బాపట్ల వైపు నుంచి కుర్రాళ్ళు వెళ్ళారు, వెనకే హెచ్-4 మీద భార్యలు. 2015 మే దాకా ఆ భార్యలు ఉద్యోగం చెయ్యకూడదు. ఆ తర్వాతా అందరికీ కాదు, ముఖ్యంగా భర్త గ్రీన్‌కార్డు వ్యవహారం కొంతదూరం నడిచినవాళ్ళకే.

ఎథెల్ తనకున్నది పోగొట్టుకుంది, మా పిల్ల పరాయి దేశం వెళ్ళింది. రెండూ ఒకటే అనను. కానీ రెండుచోట్లా ఆడదాని కాగితం మొగుడి కాగితానికి కుట్టే ఉంది. ఆ కుట్టులో మా చెయ్యీ ఉంది. సంబంధం చూసినప్పుడు అబ్బాయి జీతం అడిగాం, వీసా అడిగాం. అమ్మాయి చదువు అక్కడ ఏమవుతుందో ఒక్కరం అడగలేదు.

2016లో తనకి పని పర్మిట్ వచ్చింది. మొదటి ఇంటర్వ్యూలో, ఈ పదేళ్ళు ఏం చేశారని అడిగారట.

మొన్న మా వీధిలో ఇంకో అమెరికా సంబంధం కుదిరింది. వీసా ఏమిటని అడిగాను. "హెచ్-1బి అండీ" అంది తల్లి సంబరంగా.

"అబ్బాయిది కాదమ్మా, అమ్మాయిది" అన్నాను.