బాకీ పైసలు

"సారూ, నా పేరు రాయలేదేంది?"

పోయినేడు పత్తి ఏరుడు మొదలైన రోజుల్లో మా బడిలో ఎనిమిదో తరగతి పిల్ల అడిగిన మాట ఇది. నేషనల్ మీన్స్ కమ్ మెరిట్ స్కాలర్‌షిప్ పరీక్షకు దరఖాస్తులు నింపుతున్నాం. రిజిస్టర్ ముందట పెట్టుకొని బాగా మార్కులున్న పన్నెండు మంది పేర్లు రాసిన. "నీకు రాదు బిడ్డా. వచ్చేటోళ్ల పేర్లే రాసిన" అన్న. ఆమె మళ్లీ మాట్లాడలేదు. తన చేతులు చూసుకుంది. వేళ్ల నిండా పత్తికాయ గీరిన గాట్లు.

ఆ పిల్లకు ఏడో తరగతిలో వచ్చినవి 53 శాతం. ఈ పరీక్ష రాయాలంటే 55 శాతం ఉండాలె. ఎస్సీ, ఎస్టీ పిల్లలకు 50 చాలు. అంటే సర్కారు రూలు ఆమెను రమ్మన్నది. అడ్డం నిలబడ్డది నేను. మాదిగవాడ నుంచి వచ్చి, స్కాలర్‌షిప్ మీద చదివి సారునైన నేను. మెరిట్ గురించి రాయబోయే ముందు ఈ తప్పు ఒప్పుకోవాలె.

మా బాపు వెల్గటూర్ దిక్కు ఒక పటేలు దగ్గర చిన్నతనంలోనే జీతం ఉన్నడు. 1978 సెప్టెంబర్ 7న జగిత్యాలలో రైతుకూలీలు జైత్రయాత్ర తీసిన సంగతి పశువుల కాడ ఉండి విన్నడు. ఇగ వెట్టి లేదన్నరు. కాని మా ఇంట్లోకి పలక రావడానికి ఆ తర్వాత ఇంకో పదిహేనేండ్లు పట్టింది. నేను సాంఘిక సంక్షేమ హాస్టల్లో ఉండి పది పాసైన. ఇంటర్ నుంచి బి.ఇడి. దాకా పోస్ట్ మెట్రిక్ స్కాలర్‌షిప్. మా ఇంట్లో డిగ్రీ మొహం చూసిన మొదటివాణ్ని నేనే. స్కాలర్‌షిప్ పైసలు ఎప్పుడూ ఆలస్యమే. ఫీజు కట్టనిది హాల్‌టికెట్ ఇయ్యమని కాలేజీలో నిలబెట్టేటోళ్లు. తోటి విద్యార్థి ఒకడు "మేం మెరిట్‌తోని చదువుతున్నం, మీరు కులంతోని చదువుతున్నరు" అన్నడు. ఆ రోజు నా దగ్గర జవాబు లేదు. చరిత్ర చదివినంక దొరికింది.

1907లో మెట్రిక్ పాసైనప్పుడు అంబేద్కర్‌కు వచ్చినవి 750కి 282 మార్కులు. నూటికి ముప్ఫై ఎనిమిది కూడా నిండవు. ఆ శాతంతోని ఇవ్వాళ మా బడి పిల్లలు రాసే ఈ పరీక్షకు ఫారం కూడా నింపరాదు. అదే అంబేద్కర్‌కు 1913లో బరోడా మహారాజు సయాజీరావు గైక్వాడ్ నెలకు పదకొండున్నర పౌండ్ల చొప్పున మూడేండ్లు స్కాలర్‌షిప్ ఇచ్చి కొలంబియా విశ్వవిద్యాలయానికి పంపిండు. ప్రపంచం మెచ్చిన ఆయన పాండిత్యమంతా ఆ పైసలు వచ్చినంక బయటపడ్డదే. మెరిట్ ముందు, స్కాలర్‌షిప్ తర్వాత అనేటోళ్లు ఈ వరుస చూడాలె. ఇంకో సంగతి కూడా మరువొద్దు. 1917లో ఆయన బరోడాకు కొలువుకు వస్తే తలదాచుకోవడానికి గది ఇచ్చినోడు లేడు. పార్సీల సత్రం నుంచి కూడా వెళ్లగొట్టిన్రు. కొలంబియా డిగ్రీ కూడా కులాన్ని కడగలేదు.

తనకు అందింది తన జాతికి అందాలని ఆయన పట్టుబట్టిండు. వైస్రాయ్ కార్యవర్గంలో కార్మిక సభ్యుడిగా ఉండి 1942 అక్టోబర్‌లో వైస్రాయ్ లిన్‌లిత్‌గోకు వినతిపత్రం ఇచ్చిండు. అలీగఢ్, బెనారస్ విశ్వవిద్యాలయాలకు గ్రాంటు ఇచ్చే సర్కారుకు అంటరానివాళ్ల చదువు మీద బాధ్యత లేదా అని నిలదీసిండు. సైన్సు, టెక్నాలజీ చదివేటోళ్లకు ఏటా రెండు లక్షలు, విదేశీ చదువులకు లక్ష కావాలన్నడు. 1944లో పోస్ట్ మెట్రిక్ స్కాలర్‌షిప్ మొదలైంది. అరవై ఏండ్ల తర్వాత నేను తిన్న మెస్సు బువ్వ ఆ కాయితం నుంచి వచ్చిందే.

మన హైదరాబాద్ రాజ్యంలో ఇంకా ముందే, 1910 నుంచి, భాగ్యరెడ్డి వర్మ ఆది హిందూ పిల్లలకు బడులు పెట్టిండు. 1947లో లాయక్ అలీ మంత్రివర్గంలో విద్యామంత్రి అయిన బి.ఎస్. వెంకట్రావు దళితుల చదువుకు కోటి రూపాయల నిధి సాధించిండు. పట్నంలో పుట్టిన ఆ కబురు గోదారి ఒడ్డున ఉన్న మా తాత దాకా రానేలేదు.

ఈ చరిత్రలో నాకు దొరికిన జవాబు ఒకటే. ఇది ఎవరో మెచ్చి ఇచ్చే ఇనాం కాదు. తరతరాలు మాతోని పని చేయించుకొని చదువు దగ్గరికి రానియ్యని సమాజం మాకు పడ్డ బాకీ. బాకీ తీర్చేటోడు అప్పిచ్చినోని మార్కులు అడగడు.

కాని ఇప్పుడు అడుగుతున్నరు. దేశమంతా కలిపి ఏటా లక్ష మందికి ఇచ్చే మా పిల్లల స్కాలర్‌షిప్ ఏడాదికి 12,000 రూపాయలు. తొమ్మిది నుంచి ఇంటర్ దాకా వస్తది. తెలివి చూడను 90 మార్కులు, పాఠాల మీద 90 మార్కులు. అంతకన్నా ముందు కాయితాల పరీక్ష ఉంటది. కులం సర్టిఫికెట్, ఆదాయం సర్టిఫికెట్, ఆధార్‌లో పేరుకూ బడి పేరుకూ ఒక్క అక్షరం తేడా రావద్దు. పేదోడు తాను పేదోణ్నని రుజువు చేసుకోవడానికి రెండు రోజుల కైకిలి పోగొట్టుకోవాలె. ఉన్నోని మెరిట్‌ను మాత్రం ఎవరూ రుజువు అడగరు.

పై చదువుల్లోనూ అంతే. విదేశాల్లో చదవడానికి 1954-55 నుంచి ఉన్న నేషనల్ ఓవర్సీస్ స్కాలర్‌షిప్‌కు 60 శాతం మార్కులు కావాలె. 2022లో కేంద్రం రూలు మార్చి భారతీయ సంస్కృతి, వారసత్వం, చరిత్ర, ఇక్కడి సమాజం మీద పరిశోధనలను అందులోంచి తీసేసింది. మా మండలంలోనే కోటిలింగాల ఉంది. శాతవాహనుల కన్నా ముందటి రాజుల నాణేలు దొరికిన ఊరు. ఆ రాజుల కింద మట్టి మోసినోళ్లు ఎవరని మా పిల్ల పై దేశంలో పరిశోధన చేస్తనంటే ఆ పైసలు రావు. మేం ఏం చదవాలెనో కూడా బాకీ పడ్డోళ్లే చెప్తున్నరు.

రోహిత్ వేముల 2016 జనవరి 17న మనల్ని విడిచి పోతూ రాసిన ఉత్తరంలో ఒక లెక్క ఉంది. ఏడు నెలల ఫెలోషిప్, లక్షా డెబ్బై అయిదు వేలు, తనకు రావలసి ఉందని, అది ఇంటివాళ్లకు ఇప్పించమని. జె.ఆర్.ఎఫ్. సాధించినోడు అతడు. మెరిట్ ఉంటే బాకీ తీరుస్తరనుకునేటోళ్లు ఆ లెక్క మళ్లీ చదవాలె.

ఇగ నా లెక్క. ఆ పిల్ల ఏడో తరగతి హాజరు తర్వాత తీసి చూసిన. నలభై రోజులు బడికి రాలేదు. చేనులో ఉంది. నలభై రోజులు తక్కువ చదివి 53 తెచ్చుకున్న పిల్ల మెరిట్ ఎంత? నేను రిజిస్టర్‌లో మార్కులు చూసిన గాని ఆ రోజులు చూడలేదు. నన్ను కాలేజీలో మాటన్నోడు కూడా నా మార్కులే చూసిండు.

ఆ పరీక్ష ఎనిమిదో తరగతిలో ఒక్కసారే రాయనిస్తరు. ఆమె ఇప్పుడు తొమ్మిదిలో ఉంది. నా తప్పు దిద్దుకునే దారి లేదు. ఈ ఏడు అర్హత ఉన్న ప్రతి ఒక్కరి పేరు రాసిన. పొద్దుగూకినంక వాడకు పోయి, కైకిలి నుంచి వచ్చినోళ్లను కూసోబెట్టి కాయితాలు నింపిన. "వస్తదంటవా సారూ?" అని ఒక తల్లి అడిగింది. "వస్తదో రాదో పిల్ల రాస్తే తెలుస్తది అక్కా. రాయొద్దనే హక్కు నాకు లేదు" అన్న. ఆ పిల్ల కూడా అక్కడే ఉంది. చిన్నోళ్ల ఆధార్ కార్డులు దీపం కింద పెట్టి, పేర్లలో అక్షరాలు ఒక్కొక్కటే సరిచూసి నాకు చెప్పింది. ఒక్క తప్పు పోనియ్యలేదు.

నాలెక్క చదువుకొని కొలువుల్లో ఉన్న అన్నలకు, అక్కలకు ఒకటే మాట. మనం వచ్చిన దర్వాజకు మనమే గొళ్లెం పెట్టొద్దు.