క్విటో పర్యాటకము

క్విటో దక్షిణ అమెరికా ఖండములోని ఈక్వడార్ దేశపు రాజధాని. స్పానిష్ ఉచ్చారణలో ఈ పేరు 'కీటో' అని వినబడుతుంది. పూర్తి పేరు శాన్ ఫ్రాన్సిస్కో దె కీటో. ఈ నగరము ఆండీస్ పర్వతశ్రేణిలో, పిచించా అగ్నిపర్వతపు తూర్పు వాలున, సముద్రమట్టమునకు సుమారు 2,850 మీటర్ల ఎత్తున ఉన్నది. 1978లో యునెస్కో ప్రపంచ వారసత్వ ప్రదేశాల మొట్టమొదటి జాబితాను ప్రకటించినపుడు అందులోని 12 ప్రదేశాలలో క్విటో ఒకటి. పోలండులోని క్రాకో నగరము కూడా అదే జాబితాలో చేరినది. యాత్రా సంస్థలపై ఆధారపడక స్వంత ఏర్పాట్లతో తిరిగే యాత్రికులకు ఇది అనువైన నగరమే. అయితే ఎత్తు, భద్రత అను రెండు విషయాలను ముందుగా తెలుసుకొని బయలుదేరవలెను.

చరిత్ర

స్పానిష్ వారి రాకకు పూర్వము క్విటో ఇంకా సామ్రాజ్యపు ఉత్తర ప్రాంతమునకు ముఖ్యపట్టణము. 1533లో స్పెయిన్ సేనలు ఇంకా చక్రవర్తి అతావల్పాను వధించిన తరువాత, అతని సేనాని రూమిన్యావి నగరము శత్రువుల చేతికి చిక్కకుండా తగులబెట్టించెను. అందువలన పెరూలోని కుజ్కోలో వలె ఇంకాల రాతిగోడలు ఇచ్చట దాదాపుగా కనిపించవు. ఆ బూడిదపై 1534 డిసెంబరు 6న సెబాస్టియన్ దె బెనాల్కాజర్ స్పానిష్ నగరమును స్థాపించెను. 1809 ఆగస్టు 10న ఇచ్చటి ప్రముఖులు స్వపరిపాలన ప్రకటించిరి. మరుసటి ఏడాది ఆగస్టు 2న చెరసాలలోనే వారిలో అనేకులు హతులైరి. 1822 మే 24న ఆంటోనియో హోసే దె సుక్రే సేనలు నగరము పైనున్న పిచించా వాలుపై జరిగిన యుద్ధములో గెలిచి స్పానిష్ పాలనకు ముగింపు పలికినవి.

చేరుకొనుట

భారతదేశము నుండి నేరు విమానములు లేవు. ఐరోపా లేదా అమెరికా సంయుక్త రాష్ట్రాల మీదుగా వెళ్ళవలెను. అమెరికాలో విమానము మారువారు విమానాశ్రయము దాటకపోయిననూ ఆ దేశపు వీసా పొందవలసినదే. ఈక్వడార్ ప్రభుత్వము 2019లో భారత పౌరులకు వీసా నిబంధన విధించినది. కనుక టిక్కెట్టు కొనుటకు ముందే వీసా సంగతి చూచుకొనుట మంచిది. నగరము నడుమ ఉండిన పాత విమానాశ్రయము 2013లో మూతబడి ఉద్యానవనముగా మారినది. కొత్తది తూర్పున తబబేలా వద్ద ఉన్నది.

దేశపు ద్రవ్యము 2000వ సంవత్సరము నుండి అమెరికా డాలరే. నోట్లు అమెరికావి, చిల్లర నాణెములలో మాత్రము ఈక్వడార్ ముద్రించినవి కూడా చెల్లుతాయి. ఈ నాణెములు దేశము దాటితే చెల్లవు.

ఎత్తు వలన ఇబ్బందులు

హైదరాబాదు ఎత్తు సుమారు 540 మీటర్లు. అక్కడి నుండి బయలుదేరినవారు ఒకటి రెండు రోజులలోనే 2,850 మీటర్లకు చేరుదురు. సముద్రతీరముతో పోల్చిన ఇచ్చట ప్రతి శ్వాసలో అందే ప్రాణవాయువు నాలుగవ వంతుకు పైగా తక్కువ. తలనొప్పి, నిద్రలేమి, మెట్లెక్కిన ఆయాసము మొదటి రెండు రోజులు సాధారణము. నెమ్మదిగా నడచుట, తగినంత నీరు త్రాగుట, మద్యము మానుట మేలు. తలనొప్పి తగ్గక వాంతులు, తూలుడు కలిగినచో విశ్రాంతితో సరిపెట్టరాదు. వెంటనే వైద్యుని చూడవలెను, తక్కువ ఎత్తుకు దిగవలెను.

చాలామంది చేయు పొరపాటు, వచ్చిన రోజుననే 'తెలెఫెరికో' ఎక్కుట. 2005లో ప్రారంభమైన ఈ తీగమార్గము కొద్ది నిమిషాలలో యాత్రికుని 3,900 మీటర్లకు పైగా చేర్చుతుంది. దీనిని మూడవ లేదా నాలుగవ రోజుకు వాయిదా వేయుట వివేకము. ఎండ విషయము కూడా తేలికగా తీసుకొనరాదు. చల్లగా ఉన్నదని టోపీ లేకుండా తిరిగినవారికి ఒక్క పూటలోనే చర్మము కమలుతుంది.

పాత నగరము

యాత్రికులు ఎక్కువ సమయము కేటాయించవలసినది దీనికే. శాన్ ఫ్రాన్సిస్కో చర్చి, మఠముల నిర్మాణము 16వ శతాబ్దములోనే మొదలైనది. దీని ముంగిలిని గురించి ఒక కథ ప్రచారములో ఉన్నది. కాంతున్యా అను స్థానిక మేస్త్రి గడువులోగా పని పూర్తి చేయుటకు దయ్యమునకు తన ఆత్మను తాకట్టు పెట్టెనట. చివరి ఘడియలో ఒక్క రాయి తక్కువైనదని చూపి తప్పించుకొనెనట. ఈ కట్టడాలు ఎవరి చెమటతో లేచినవో ఈ కథ అధికారిక ఫలకముల కంటే సూటిగా చెబుతున్నది.

జెసూట్ల 'లా కొంపన్యీయా' చర్చి నిర్మాణము 1605లో మొదలై 1765లో ముగిసినది. రెండేళ్ళకే, అనగా 1767లో, స్పెయిన్ రాజు జెసూట్లను తన రాజ్యము నుండి బహిష్కరించెను. లోపలి గోడలు, పైకప్పు బంగారు రేకుతో నిండి ఉండును. బాసిలికా చర్చి గోడలపై పురాణ మృగములకు బదులు తాబేళ్ళు, ఇగ్వానాలు మొదలైన ఈక్వడార్ జంతువుల రాతి బొమ్మలు కలవు.

పాత నగరము మ్యూజియము కాదు, జనము బ్రదుకు చోటు. 1987 భూకంపములో అనేక చర్చిలు దెబ్బతినిన పిమ్మట పునరుద్ధరణ పెద్దయెత్తున సాగినది. 2003లో వీధి వ్యాపారులను వేలాదిగా కొత్త వాణిజ్య సముదాయాలకు తరలించిరి. వీధులు శుభ్రపడినవి గాని, నివాసులు కూడా క్రమముగా తగ్గిపోయిరి. సాయంత్రము కాగానే కొన్ని వీధులు నిర్మానుష్యమగుటకు ఇదియే ఒక కారణము.

రవాణా, భద్రత

2023 డిసెంబరు 1న ప్రారంభమైన మెట్రో రైలు దక్షిణాన కితుంబే నుండి ఉత్తరాన ఎల్ లబ్రదోర్ వరకు 15 స్టేషన్లతో నడుచుచున్నది. వీటిలో ఒకటి శాన్ ఫ్రాన్సిస్కో చౌరస్తా క్రిందనే ఉన్నది. రద్దీ ట్రాలీబస్సులలో జేబుదొంగల బెడద ఎక్కువ. రెక్కల కన్య విగ్రహము గల పనెసియ్యో కొండకు మెట్లదారిన నడచి వెళ్ళుట ప్రమాదకరము. టాక్సీలో వెళ్ళి, అదే టాక్సీలో తిరిగి రావలెను.

మాదకద్రవ్యాల ముఠాల హింస వలన 2024 జనవరిలో దేశాధ్యక్షుడు దానియెల్ నొబోవా 'అంతర్గత సాయుధ సంఘర్షణ' ప్రకటించెను. తరువాత అత్యవసర పరిస్థితులు పలుమార్లు విధింపబడినవి. హింస ప్రధానముగా తీరప్రాంతములోనిదే అయిననూ, ప్రయాణమునకు ముందు తాజా ప్రభుత్వ సూచనలు చూడక తప్పదు.

ఆహారము

మధ్యాహ్నము 'అల్మువెర్సో' పేరిట సూపు, అన్నము, కూర, పండ్లరసము కలిపి చవకగా లభించును. ఆలుగడ్డ, జున్నులతో చేయు 'లోక్రో' సూపు, 'యాపింగాచో' అను ఆలుగడ్డ రొట్టెలు శాకాహారులకు అనుకూలము. అయితే మాంసము కలపలేదని అడిగి నిర్ధారించుకొనవలెను.

భూమధ్యరేఖ

నగరమునకు ఉత్తరాన గల 'మితాద్ దెల్ ముందో' వద్ద 30 మీటర్ల స్మారకస్తంభము, నేలపై పసుపు గీత ఉన్నవి. 1736లో ఫ్రెంచి శాస్త్రజ్ఞుల బృందము భూమి ఆకారమును నిర్ణయించుటకు ఈ ప్రాంతమునకు వచ్చినది. ధ్రువముల వద్ద భూమి నొక్కుకొని ఉండునన్న న్యూటన్ వాదన వారి కొలతలతో బలపడినది. అయితే ఆధునిక ఉపగ్రహ కొలతల ప్రకారము అసలు రేఖ ఈ పసుపు గీతకు సుమారు 240 మీటర్లు ఉత్తరముగా పోవుచున్నది. సమీపములో తొట్టెలోని నీరు గీతకు ఒకవైపు ఒక దిశలో, మరొకవైపు మరొక దిశలో సుడి తిరుగునని చూపు ప్రదర్శన వినోదమే గాని విజ్ఞానశాస్త్రము కాదు. భూభ్రమణ ప్రభావము అంత చిన్న తొట్టెలో, రేఖకు అంత చేరువలో కనిపించదు. నీరు పోయు తీరును బట్టియే సుడి దిశ మారుచుండును.