జాపాల్-రంగాపూర్ వేధశాల: 1980 గ్రహణం, పంచాంగ పరిభాష

ఉస్మానియా విశ్వవిద్యాలయ ఖగోళశాస్త్ర చరిత్రను సాధారణంగా దూరదర్శినుల చరిత్రగానే రాస్తారు. నవాబ్ జఫర్ జంగ్ 1901లో నెలకొల్పిన నిజామియా వేధశాల 1908లో ప్రభుత్వపరమై, 1919లో విశ్వవిద్యాలయానికి చేరింది. అంతర్జాతీయ నక్షత్ర పట్టికలో హైదరాబాదు వంతుకు వచ్చిన ఆకాశభాగాన్ని ఛాయాచిత్రాలు తీసి కొలిచింది. 1968లో జాపాల్-రంగాపూర్‌లో 48 అంగుళాల దూరదర్శిని పని మొదలుపెట్టింది. ఈ వరుసలో ఆకాశం చూసే సామాన్యుడు కనబడడు.

1980 ఫిబ్రవరి 16న సంపూర్ణ సూర్యగ్రహణపు నీడ ఆ వేధశాల మీదుగానే సాగింది. శాస్త్రజ్ఞులు అక్కడ గుమిగూడిన మధ్యాహ్నమే హైదరాబాదు వీధులు నిర్మానుష్యమయ్యాయి. దీనిని అజ్ఞానమని తీసిపారేయడం తొందరపాటు. తలుపులు మూసుకున్నవారికి గ్రహణ వేళ తెలియనిది కాదు; స్పర్శ, మధ్య, మోక్ష కాలాలను పంచాంగం ముందే గణించి ఇస్తుంది. వాడుకలో అవి పట్టు, విడుపు. పట్టుస్నానం, విడుపుస్నానం అన్న మాటలు వీటినుంచి పుట్టినవే. అంటే ఒకే పదం గణితాన్నీ ఆచారాన్నీ మోస్తున్నది. కనుక నక్షత్ర వీక్షణ కార్యక్రమాలకు కొత్త పరిభాష కల్పించడంకన్నా ఉన్న పదంలోని గణితార్థాన్ని కళ్లకు చూపడమే దగ్గరి దారి అని నా అభిప్రాయం. తెరపై పడిన సూర్యబింబపు అంచు తొలిసారి తరిగినప్పుడు వ్యాఖ్యాత ‘ఇదే పట్టు’ అంటే చాలు, ఇంట్లో విన్న మాట కంటికి కనబడుతుంది.